భయపెడితే ఒంటికి పట్టదు

"ఇది మనుసులు తినేదేనా?" గౌరీశ్వరి చేటలోకి తొంగిచూసి ముక్కు మూసుకుంది.

చేటలో తవుడు, తెలగపిండి, పక్కనే పొట్లంలో ఎండు నెత్తళ్ళ చేపపొడి. సన్యాసిరాజు చొక్కాకి గుచ్చిన రిబ్బను పువ్వు ఇంకా తియ్యనేలేదు. బీచ్ రోడ్డు హోటల్లో సదస్సు ముగియగానే తిన్నగా పూర్ణా మార్కెట్‌కి పోయి, ఇవన్నీ కొనుక్కుని, ఆనందం పట్టలేక పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి పెళ్ళాం ముందు పెట్టాడు.

"సైన్సే గౌరీ, సైన్సు! ఇన్నాళ్ళూ నాను గుడ్డెద్దులా కసరత్తు సేయించాను. బలం కసరత్తులో ఎక్కడుందే? తిండిలో ఉంది!"

"నిన్నెవరు పిలిసారు అక్కడికి?"

"ఒకరు పిలిసేదేటి? గుమ్మం మీద న్యూట్రిషన్ అని బేనరు సూసాను, లోపలికెళ్ళిపోయాను. పైగా పువ్వు గుచ్చి కూకోబెట్టారు. బోయనంలో మనిసికి రెండు గుడ్లు!"

"డాక్టరుగారు తవుడు తినమన్నారా?"

"కృపాకర్ గారని పెద్ద డాక్టరు. అంతా ఇంగిలీషే. కరెంటు పోయి బొమ్మలు సూపించే మిషను పన్జెయ్యలేదు గానీ, లేకపోతే ఇంకా బాగా తెలిసేది. ప్రొటీను, కాల్షియం, వెయిటు... ఆ మాటలు నాకు తెలుసు కదా. మిగతాది నా పక్కన కూకున్న సబ్బవరం కామరాజుగారు తెలుగులో సెప్పారు. ఆయన కాడ ఎంతమందో తెలుసా? అయిదొందలంట!"

"అయిదొందల మంది వస్తాదులా!" గౌరీశ్వరి ముక్కు మీంచి చెయ్యి తీసేసింది.

"మరేటనుకున్నావు! మనం పన్నెండు మందితోనే కిందా మీదా అయిపోతన్నాం."

సన్యాసిరాజు పాతూళ్ళో వ్యాయామశాల నడుపుతాడు. పైన రేకులు, కింద ఇసుక, మధ్యలో తుప్పు పట్టిన ఇనప బరువులు. అతని శిష్యుల్లో గట్టివాడు గంగరాజు, జెట్టీ మీద రోజుకూలీకి బస్తాలు మోస్తాడు. వచ్చే నెల బరువులెత్తే పోటీలో గెలిస్తే పోర్టులో పర్మనెంటు కలాసీ ఉద్యోగం. పై ఏటికి వయసు దాటిపోతుంది కనక వాడికి ఇదే ఆఖరి అవకాశం.

నిరుడు కూడా ఆ ఉద్యోగం చేతిదాకా వచ్చింది. గంగరాజు బరువుల బారుని గుండెల దాకా లేపాడు. అప్పుడే సన్యాసిరాజు "ఎత్తరా ఎదవా!" అని హాలు అదిరిపోయేలా అరిచాడు. వాడు ఉలిక్కిపడి బారు వదిలేశాడు. ఆ తప్పు వాడిదేనని సన్యాసిరాజు ఏడాదిగా వాణ్ణి తిట్టిపోస్తూనే ఉన్నాడు.

"ఇంకోటి కూడా సెప్పారే," అని సన్యాసిరాజు గొంతు తగ్గించాడు. "అరవకూడదంట. భయపెడితే తిన్నది ఒంటికి పట్టదంట. ఇరుకులో కుక్కితే కలబడతారంట. గాలి, ఎలుతురు బాగా తగలాలంట."

"అరవకుండా నువ్వా!" గౌరీశ్వరి పగలబడి నవ్వింది. నవ్వుతూనే బెల్లం కోరి ఉండలు చుట్టింది.

మర్నాడు వ్యాయామశాల గోడకి రెండు కొత్త కిటికీలు వెలిశాయి. గంగరాజు ఉండ నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని మింగేసి, బారు పట్టుకున్నాడు. మోకాళ్ళ దగ్గర చెయ్యి జారింది. బారు ధనామని కిందపడింది.

వాడు తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాడు. తిట్లు రాలేదు. సన్యాసిరాజు పళ్ళ బిగువున ఊరుకున్నాడు.

"గురూగారూ, నా మీద ఆశ వదిలేసుకున్నారేటి?" అన్నాడు గంగరాజు బిక్కమొహంతో.

"లేదురా బాబూ. నెమ్మదిగా ఎత్తు. నువ్వెత్తగలవు."

అంత మెత్తటి మాట ఆ నోట వినడం గంగరాజుకి అదే మొదలు. అరిచేతులకి ఇసుక రుద్దుకుని మళ్ళీ బారు పట్టుకున్నాడు. ఈసారి ఎత్తాడు.

నెల తిరిగేసరికి వాడి జబ్బలు చొక్కాలో పట్టడం మానేశాయి. సన్యాసిరాజు ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. దారిన పోయేవాళ్ళని కూడా ఆపి కాల్షియం గురించి చెబుతున్నాడు.

పోటీరోజు హాలు కిటకిటలాడింది. స్టీల్ ప్లాంటు నుంచి వచ్చిన కుర్రాడు అప్పటికే అందరికన్నా ఎక్కువ బరువెత్తి, ధీమాగా తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. గంగరాజుకి మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం.

బారు గుండెల దాకా వచ్చి ఆగింది. సన్యాసిరాజు గొంతులోకి కేక తన్నుకొచ్చింది. భుజం మీది తుండుగుడ్డ తీసి నోట్లో కుక్కుకున్నాడు. గంగరాజు అటు చూశాడు. సన్యాసిరాజు కళ్ళనీళ్ళతో తల మాత్రం ఊపాడు.

బారు పైకి లేచింది, నిలిచింది. హాలంతా ఈలలతో మోగిపోయింది. గంగరాజు బారు దించి, గురువు దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఆయన్ని అమాంతం ఎత్తేశాడు.

మర్నాడు పొద్దున్నే సన్యాసిరాజు మాడుగుల హల్వా పొట్లంతో డాక్టర్ కృపాకర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన వరండాలో కాఫీ తాగుతున్నాడు.

"సదస్సులో మీ మాట ఇన్నానండి, బాబూ! మీరు సెప్పినట్టే తవుడు, తెలగపిండి, సేప పొడి పెట్టాను. కిటికీలెట్టించాను. అరవడం మానేసాను. నెల్లో ఎంత వెయిటు పెరిగిందనుకున్నారు! నిన్న పోటీలో ఫస్టు ప్రైజండి!"

డాక్టరు కాఫీ కప్పు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఎన్నో ఊళ్ళలో చెప్పానండీ. తిండి సంగతి విన్నారు గానీ భయపెట్టొద్దంటే అందరూ నవ్వారు. మీరొక్కరే చేసి చూపించారు," అని రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "నేనే స్వయంగా వచ్చి చూడాలి. ఇంతకీ మీ కోళ్ళఫారం ఎక్కడండీ?"