ఎవరూ చావని ఒడ్డు

ఏటికి రెండు వైపులా అడవే, రెండు అడవుల్లోనూ ఒకటే దగ్గుజబ్బు. ఇవతల వైద్యుడు ఎలుగుబంటికి బద్ధకమెక్కువ. కాళ్లు చాపేసి కదల్లేనివాళ్లనే రోగుల్లో లెక్కేసేవాడు. వాళ్లలో సగంమంది ఎలాగూ పోయేవాళ్లు. అవతల నక్క మంత్రిగారు మాత్రం, తుమ్మిన ప్రతివాణ్నీ రోగుల్లో కలిపేసేవాడు. అందుకే అక్కడ వందమంది రోగుల్లో ఒక్కడు కూడా పోవడం లేదని చాటింపు.

అది ఇవతలి ఒడ్డున ఓ దుప్పి వింది. "జబ్బు తగిలితే ఈ ఎలుగు చేతిలో నా పిల్ల దక్కదు" అనుకుని, దాన్ని వెంటబెట్టుకుని ఏరు ఈదింది.

ఒడ్డున మంత్రిగారే ఎదురొచ్చాడు. ఆయన కాళ్ల దగ్గరే ఓ కుందేలు దగ్గి దగ్గి కన్నుమూసింది.

"అయ్యో, జబ్బుతో పోయిందే!" అంది దుప్పి.

"తప్పమ్మా, అలా అనకూడదు," నక్క నొచ్చుకున్నాడు. "అది ఊపిరాడక పోయింది. నిన్న ఏనుగు ఒంటిబరువు మోయలేక కన్నుమూశాడు. జబ్బుతో పోయే అలవాటు మా అడవిలో లేదు."

తడిసిన పిల్ల హాచ్ మని తుమ్మింది.

"శుభం! ఇంకో రోగి!" నక్క మురిసిపోయాడు. "మా లెక్క ఇంకాస్త బాగుపడింది."

దుప్పి బెదిరి తలెత్తింది. చెట్టు మీద రాబందులు ఎగరలేనంతగా బలిసి, కొమ్మలు వంగేలా కూర్చున్నాయి. వాటిలో పెద్దది తృప్తిగా త్రేన్చింది.

"భయపడకు తల్లీ, ఇక్కడెవరూ చావరు. మేం గాలి మేసే ఇంత ఒళ్లు చేశాం."