కొండ దిగేసరికి

"ఏట్రా నీలకంఠం, నువ్విక్కడున్నావేటి? ఇయ్యాళ మనూరి పేర్లు పిలుత్తన్నారు కదా!"

నెత్తిమీది కట్టెలమోపు దించకుండానే అడిగింది పోతమ్మ. యారాడ కొండ మీద జీడిమామిడి చెట్టు నీడన కూర్చుని పులిహోర పొట్లం విప్పుతున్న నీలకంఠం తలెత్తాడు.

"ఇయ్యాళ కాదు పిన్నీ, రేపు."

"రేపేటి నీ మొహం! ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగాలకి పేర్లు రాసుకోడం ఇయ్యాళే ఆకరు. అయిదింటికి పుస్తకం మూసేత్తారంట. మా ఆయన కోడి కూసీ ఏళకే గాజువాక ఎల్లిపోనాడు."

ఆమె మోపు సర్దుకుని వాలులోకి దిగిపోయింది. నీలకంఠం మెల్లగా పక్కకి తిరిగాడు. పక్కన వరహాలు. మేనమామ కొడుకు. వారం కిందట ఆఫీసుకెళ్లి తేదీ కనుక్కొచ్చింది అతనే. "ఉద్యోగంలో సేరితే నీకిక తీరికుండదు బావా, ఒక్కరోజు కొండెక్కి సముద్రం సూసొద్దాం" అని తెల్లారకముందే బయల్దేరదీసిందీ అతనే.

"రేపని కదా సెప్పినావు?"

వరహాలు కింద నీలంగా పరుచుకున్న సముద్రంలో హార్బరు పిలుపు కోసం ఆగిన ఓడల్ని చూస్తూ కూర్చున్నాడు.

"నిన్నే అడుగుతన్నాను. తెలీక సెప్పినావా, తెలిసే సెప్పినావా?"

"తెలిసే."

కొండకి రెండోవైపు, నిన్న మొన్నటి దాకా తమ ఊరున్న చోట, ఎర్రమట్టి లేచిపోతోంది. ఊరు పోయినందుకు ఇంటికో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంటికి ఒక్కటే. మూడేళ్లు ఆ కాగితాల కోసం కాళ్లరిగేలా తిరిగింది నీలకంఠం. అన్న అప్పలసూరి సారా దుకాణం అరుగు దిగింది లేదు.

"ఎందుకు సేసినావు బావా?"

"నన్నడక్కు."

"మా అన్న సేయించినాడా? ఎన్ని గళాసులు పోయించినాడు?"

వరహాలు తల దించుకున్నాడు. ఆ తల దించడమే జవాబనుకున్నాడు నీలకంఠం. పులిహోర పొట్లం అక్కడే వదిలేసి లేచాడు. ఎండ నడినెత్తి దాటింది. దిగడానికి రెండు గంటలు, రోడ్డు మీద ఏదైనా దొరికితే మరో గంట. పరుగందుకున్నాడు.

వెనక అడుగుల చప్పుడు. వరహాలు వచ్చి నడుం పట్టేశాడు.

"ఎల్లకు బావా! నీ కాళ్లట్టుకుంటాను. ఇయ్యాళొక్కరోజూ ఎల్లకు!"

నీలకంఠం విసురుగా తోశాడు. వరహాలు రాళ్లమీద పడ్డాడు. మోకాలు చిట్లి నెత్తురు కారింది. మళ్లీ లేచి చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి చెంప మీద కొట్టాడు నీలకంఠం. పుట్టి బుద్ధెరిగాక వరహాలు మీద అతను చెయ్యెత్తడం అదే మొదలు. వరహాలు తిరిగి కొట్టలేదు. కొట్టినా బాగుండేదనిపించింది.

ముళ్లకంపలు గీరుకుపోతున్నా ఆగలేదు. కలేకాయల కోసం ఇద్దరూ చొక్కాలు చింపుకున్న పొదలవి. ఏ రాయి కదులుతుందో, ఎక్కడ కాలు జారుతుందో అన్నీ వరహాలే నేర్పాడు. ఆ దారి నేర్పినవాడే ఈ దారిన పెట్టాడు! చెప్పు తెగితే రెండూ విసిరేసి పరుగెత్తాడు. రోడ్డెక్కాక కంకర లారీకి అడ్డంపడి ఆపి, వెనక కంకర మీద ఎక్కి కూర్చున్నాడు.

గాజువాకలో ఆఫీసు మెట్లెక్కేసరికి అయిదుకి పది నిమిషాలుంది. గుమస్తా అచ్యుతరామయ్య పెన్నుకి మూత పెడుతున్నాడు. నీలకంఠం తల్లి పేరు చెప్పాడు.

"సన్యాసమ్మ ఇల్లా? అయిపోయిందయ్యా. పదకొండింటికే రాశాం. పెద్దకొడుకు, అప్పలసూరి."

"పట్టా మా అమ్మ పేరునున్నాది. ఆవిడ లేకుండా ఎలాగ రాసినారండీ?"

"లేకపోవడమేమిటి? ఇదిగో వేలిముద్ర." రిజిస్టరు ఇటు తిప్పాడు.

పసుపు కాగితం మీద నల్లగా ఓ మరక. నీలకంఠం గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకి గదిలో మిగతా గుమస్తాలు తలలు తిప్పారు.

"దొంగ ముద్రండీ ఇది! మా అమ్మ నా నెత్తిన సెయ్యేసి సెప్పినాది, నా పేరే రాయిత్తానని. మా అన్న ఎవరో ముసిల్దాన్ని తీసుకొచ్చి ఏయించినాడు. మా అమ్మకి తెలిత్తే ఉరేసుకుంటాది."

అచ్యుతరామయ్య కళ్లజోడు తీశాడు. తెల్లకాగితం ఒకటి ముందుకు జరిపాడు.

"అయితే రాసివ్వు. పోలీసులకి పంపుతాను. మీ అన్న లోపలికెళ్తాడు. సాయం పట్టినవాడూ వెళ్తాడు. ఆలోచించుకో."

ఆలోచించడానికేమీ మిగల్లేదు నీలకంఠానికి. నిలబడే రాశాడు. అన్న పేరు తడుముకోకుండా రాశాడు. వరహాలు పేరు రాసేటప్పుడు మాత్రం పెన్ను ఒకసారి ఆగింది. అయినా రాశాడు.

"సంతకం పెట్టకు బావా."

గుమ్మంలో వరహాలు, వెనకాలే ఇంకో లారీ ఎక్కొచ్చినట్టు ఒళ్లంతా కంకర దుమ్ము. కుంటుకుంటూ లోపలికొచ్చాడు. మోకాలి మీద నెత్తురు ఎండి అట్టకట్టింది. నీలకంఠం వైపు చూడకుండా రిజిస్టరు కేసి చూస్తూ అన్నాడు.

"అది అత్త ఏలిముద్దరే. నువ్వెక్కడైనా బతుకుతావు, పెద్దోడు బతకలేడన్నాది. అయిదయ్యే దాకా నిన్ను కొండ దిగనివ్వనని నా సేత ఒట్టేయించుకున్నదీ అత్తే."