టెలిస్కోపు బేరం

“మీట నొక్కితే చుక్కను అదే దేవులాడుతదా? ఇగ పంతులమ్మెందుకు, జీతమెందుకు?” అని నవ్వాడు తాజుద్దీన్. ఆయన మోత్కూరులో ధాన్యం వ్యాపారి, బడి కమిటీకి పెద్ద. ఏజెంటు తెచ్చిన రెండు టెలిస్కోపులు బడి వరండాలో ఉన్నాయి, చుట్టూ పిల్లలు మూగారు. ఒకటి కంప్యూటర్‌ది, ఒకటి చేత్తో తిప్పేది.

“నాకు కంప్యూటర్‌దే కావాలె, సేట్,” అంది సైన్సు టీచర్ మంజులత.

“ఎందుకమ్మా, తిప్పితే చేతులు అరుగుతయా?”

ఏజెంటు అందుకున్నాడు. “చాలా సులువు మేడమ్. ముందు మీకు తెలిసిన రెండు చుక్కల్ని దీనికి చూపించాలి. మిగతావన్నీ అదే వెతుక్కుంటుంది. పిల్లలకు చెప్పండి, ఏ రెండు చూపిస్తారు?”

పిల్లలంతా టీచర్ వైపు తిరిగారు. మంజులత ముఖంలో నెత్తురు లేదు. పన్నెండేళ్లుగా చుక్కల పాఠం చెబుతున్న మనిషికి ఆకాశంలో ఒక్క చుక్కా తెలియదని తాజుద్దీన్‌కు అర్థమైంది. అందుకే మీట నొక్కేది అడిగింది.

ఛీ, ఎందుకు ఎక్కిరిస్తి, అనుకున్నాడు. లేచి వెళ్లి కంప్యూటర్‌దాని స్టాండు పట్టుకుని ఊపాడు. అది ఇసుమంతైనా కదలలేదు.

“ఊగుతాంది,” అన్నాడు గట్టిగా. “గిసొంటి సరుకు మాకొద్దు. చేతిదే ఇయ్యి. పిల్లలు చందమామను చూస్తరు.”

“ఊగడమేంటి సేట్! సరే, రెండు వేలు తగ్గిస్తాను.”

“ఉత్తగ ఇచ్చినా వద్దు,” అన్నాడు తాజుద్దీన్, టీచర్ వైపు చూడకుండా.