నేలమాళిగలో శనివారం

"రేపు శనివారమేగా?" కొవ్వొత్తులు రెండూ నిలబెడుతూ నేథన్ అరబీలో అడిగాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక ఈ అమెరికా ఇంజనీరును, పారిపోయిన తన యజమాని, కఫీల్, ఇంటి నేలమాళిగలో దాచింది ఆ ఇంట్లో పనిచేసే కడప సంజీవమ్మ. తనూ అక్కడే ఉండిపోయింది. రేడియో లేదు, క్యాలెండర్ లేదు. అయినా శుక్రవారం పొద్దుగూకే ముందు అతను దీపాలు పెట్టాల్సిందే. యూదుడు మరి, శనివారం పని ముట్టడు.

అతనే అన్నాడు: "నీ ఒక్కపొద్దే నా క్యాలెండర్. ఎన్నాళ్లు జ్వరంలో పడున్నానో తెలీదు. లేచిన రోజు నువ్వు వెంకన్నకు ఒక్కపొద్దున్నావు. ఆ శనివారం నుంచే నా లెక్క."

సంజీవమ్మ నోరు తెరిచింది. "అయ్యో సార్! అది శనివారమని ఎవరు చెప్పినారు? మీ జరం తగ్గితే ఒక్కపొద్దుంటానని మొక్కుకుంటి, తీర్చుకుంటి. ఆన్నుంచి మీరు దీపాలు పెట్టిన మర్నాడే శనివారమని నేను ఉపాసముంటాండా!"

పైన రోడ్డు మీద సైనికుల బూట్ల చప్పుడు. నవ్వాగక నేథన్ దిండు కరిచాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, అగ్గిపెట్టె అందించింది.

"ముట్టించండి సార్. రేపు శనివారమే."