దొంగ చుక్క

“సోమవారం నుంచి యార్డుకి పోతున్నా,” అన్నాడు సంజీవరావు, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుంటూ.

శాంతి లాప్‌టాప్ పక్కన పెట్టింది. “డాక్టరు గారు ఏమన్నారు నాన్నా? మళ్ళీ మిరప ఘాటు తగిలితే కష్టమన్నారు కదా!”

“ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తున్నా? రెండు వేల ఫొటోలు చూపించావు. అన్నీ మచ్చలే.”

ఇరవై ఎనిమిదేళ్ళు గుంటూరు మిరప యార్డులో కాయ చూసి రకం తేల్చిన మనిషి. బస్తాలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరిస్తే చాలు, రంగు పోయిన తాలు కాయ ఎంతుందో చెప్పేసేవాడు. ఆరు నెలల కిందట దగ్గు ముదిరి ఇంటిపట్టున పడ్డాడు. అప్పటినుంచీ మాట తగ్గింది.

శాంతి పని ఆకాశంతో. అంతరిక్షంలోని ఒక టెలిస్కోపు ఆకాశంలో ఒకే మేరను ఐదు రోజులకోసారి ఫొటో తీస్తుంది. పాత ఫొటోలో లేని చుక్క కొత్తదాంట్లో కనిపిస్తే, ఎక్కడో నక్షత్రం పేలి ఉండొచ్చు. కంప్యూటరుకి అంతుపట్టని ఫొటోలను వాలంటీర్లు చూసి, పేలిన నక్షత్రమో, కెమెరా మచ్చో, దారినపోయే గ్రహశకలమో విడదీస్తారు. ఇంటినుంచే పనిచేస్తున్న శాంతి, కాలక్షేపంగా ఉంటుందని తండ్రిని కూడా అందులో చేర్చింది.

“దేవుడు నాకా చుక్క చూపించడులేమ్మా,” అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

శాంతికి మనసాగలేదు. వాలంటీర్ల చూపును పరీక్షించడానికి అప్పుడప్పుడూ ఫొటోల్లో దొంగ చుక్కలు కలుపుతారు. కలిపే పని ఆమెదే. ఆ బుధవారం సాయంత్రం తండ్రి వాటాలో ఒకటి పెట్టింది, తేలిగ్గా కనపడేలా కాస్త మెరుపు ఎక్కువ చేసి.

శనివారం పొద్దున కాఫీ కలుపుతుంటే కేక వినపడింది.

“శాంతమ్మా! దొరికిందే!”

శాంతి వచ్చేసరికి సంజీవరావు లాప్‌టాప్ ముందు నిలబడి ఉన్నాడు. “మచ్చ కాదు. కదలటంలా. వరసగా మూడు ఫొటోల్లో ఉంది, ఒకదాన్ని మించి ఒకదాంట్లో వెలుగు పెరుగుతోంది. నక్షత్రమే పేలింది!”

శాంతి లాప్‌టాప్ వంక చూడలేకపోయింది. “భలే నాన్నా,” అంది మెల్లగా.

ఆయన అప్పటికప్పుడే యార్డులోని కమిషన్ కొట్టు వీరబాబుకి ఫోన్ చేశాడు. “సోమవారం రాలేనండి. నాకు వేరే పనుంది.” ఆ గొంతులో ధీమా విని ఆర్నెల్లయింది. మధ్యాహ్నం మారు అన్నం పెట్టించుకున్నాడు. రేపు ఆరాధనలో సాక్ష్యం చెబుతానని పాస్టరు గారిని అడిగి ఒప్పించాడు.

సాక్ష్యం అన్న మాట శాంతి చెవిన పడింది. సంఘం ముందు నిలబడి, దేవుడి పేరు చెప్పి, తను పెట్టిన అబద్ధానికి నాన్న స్తోత్రం చెల్లిస్తాడా?

సాయంత్రం ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే ఎదుటికెళ్ళి నిలబడింది.

“నాన్నా, కోప్పడకు. ఆ చుక్క నిజం కాదు. నువ్వు యార్డుకి పోతావని భయపడి నేనే పెట్టా.”

సంజీవరావు ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. కూతురి కళ్ళు తుడిచి, తల నిమిరాడు.

“మెరుపు ఎక్కువైన నీ దొంగ చుక్కని మొన్ననే ఏరి పారేశానమ్మా, ఇది వేరేది.”