సున్నపు గీత

“మీ మిషన్ మీద మన్నువడ! నలభై తొమ్మిది నిమిషాలు ఎట్లయితది?” కరుణ అరచేత్తో బల్ల మీద చరిచింది.

ఇబ్రహీంపట్నం మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగు అప్పుడే ముగిసింది. నలభై ఐదు నిమిషాల్లోపు ఉరికినవాళ్లకు ఆదిభట్లలోని ఒక కంపెనీ తన జట్టులో చోటు, దాంతోపాటే కొలువు ఇస్తానంది. ఆ ధీమాతోనే కరుణ బట్టల దుకాణంలో పని మానేసి వచ్చింది.

టైమింగ్ చూసే రఘునందన్ ఓపిగ్గానే చెప్పాడు. “నీ నంబర్ ఎనుక చిప్ ఉన్నదమ్మా. నువ్వు గీత దాటినంకనే టైమ్ మొదలైతది, ఆఖరి గీత దాటినంకనే ఆగుతది. అందరికీ ఒక్కటే లెక్క.”

“ఒక్కటే అని నువ్వంటే అయిపాయెనా? కంపెనీ బస్సుల దిగినోళ్లకు ఒక లెక్క, మాకొక లెక్క! మొన్న ఐతారం గివే పది కిలోమీటర్లు నలభై మూడుల కొట్టిన!”

“ఏడ?”

“కందుకూరు తొవ్వల. మా ఇంటికాడికెళ్లి సున్నపు గీత దాక పోయి రావాలె. మొదట్లనే మా బాపు బండి మీటరు పెట్టి కొలిచిండు. ఎనుక కూసోని నేను గూడ చూసిన.”

బాపు బాలనర్సింహ గోడలకు సున్నం కొట్టే మనిషి. పక్కనే నిలబడి తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు. అటూ ఇటూ పత్తిచేన్లే ఉన్న ఆ తొవ్వలో, వానకు చెరిగినప్పుడల్లా గీతను మళ్లీ గీసేది ఆయనే. గడప మీద కూర్చుని గడియారం చూసేదీ ఆయనే.

“పోనీ తియ్యి బిడ్డా. ఇంటికి పోదాం,” అని గొణిగాడు.

“ఎందుకు పోవాలె? నీ నోట్లె నాలిక లేదా?”

కరుణకు ఒళ్లు మండిపోయింది. ఎండాకాలంలో ఎంత ఉరికినా టైమ్ తగ్గక, ‘నాతోని కాదు’ అని ఏడుస్తూ బూట్లు మోరీలో పడేసింది. వాటిని తీసి, కడిగి, మళ్లీ తొడిగించింది ఈ బాపే. ఆ తర్వాతే వారం వారం టైమ్ తగ్గింది. ఆమెకు తిండి సయించింది, నిద్ర పట్టింది. ఇన్ని నెలల చెమటను ఒక డబ్బా మింగేస్తే ఊరుకోవాలా?

“నీకాడ కొలిచే చక్రం ఉన్నది గద సార్? తియ్యి. వచ్చి మా తొవ్వ కొలువు. జానెడు తక్కువొచ్చినా మళ్ల బూట్లు తొడిగితే ఒట్టు!”

రఘునందన్‌కూ రోషం పొడుచుకొచ్చింది. చక్రం చంకన పెట్టుకుని లేచాడు. “నడువు! గదీ చూద్దాం.”

కరుణ విసవిసా బండి దగ్గరికి నడిచింది. “ఎక్కు బాపూ! దొంగలెవరో ఇయ్యాల తేలాలె!”

బాలనర్సింహ కదలలేదు. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“గీతను ఇంటి దిక్కు జరిపింది నేనే బిడ్డా.”