పారమ్మ చెప్పని థాంక్స్

బంగాళాఖాతంలో తిరిగే విహార నౌకల్లో అసిరినాయుడిని మించిన సర్వర్ లేడు. అంతటి మొనగాడి ఉద్యోగమూ ఆ సాయంత్రానికి ఊడేలా ఉంది.

తిండి, తాగుడు, టిప్పు అన్నీ టికెట్‌లోనే కలిసిపోయిన రోజులవి. ఎవరైనా థాంక్స్ అంటే సర్వర్ చేతి కడియం విని వెలుగుతుంది. ఒక్కసారీ వెలగనివాణ్ణి తర్వాతి రేవులో దింపేస్తారు. ఆ రోజు అసిరినాయుడికిచ్చిన ఒకే ఒక్క బల్ల టెక్కలి పారమ్మది. ఆవిడేమో వడ్డించినప్పుడల్లా "తిన్నావేటి నాయనా?" అంటుంది. కడియానికి ఆ మాట తెలియదు.

అసిరినాయుడు కాలు నిలవక బల్ల చుట్టూ తిరిగాడు. "ఒక్క థాంక్సు సెప్పమ్మా, నీకు పున్నెముంటాది!"

"నువ్వేటి, పరాయోడివా, థాంక్సులు సెప్పడానికి?"

"పరాయోణ్ననుకో అమ్మా! లేపోతే రేవులో దింపేత్తారు."

పారమ్మ మొహం తిప్పుకుని, "థాంక్సండి," అంది. కడియం వెలిగింది, ఉద్యోగం నిలిచింది. మరి ఆవిడ తిన్నావా అని అడగనేలేదు.

ఈ ఆఖరి ముక్క మాత్రం మిమ్మల్ని ఏడిపించడానికి నేను కల్పించింది. కడియం ఆరకముందే అడిగేసింది.